గ్యాస్ కొట్టించే ముందు, అల్లుడూ...



బావగారి పాత వ్యాగన్ ఆర్‌లో ఏసీ చల్లగా రావడం లేదనీ, షెడ్డుకు తీసుకెళ్లకుండా నువ్వే బాగుచేస్తానని ఆన్‌లైన్‌లో గ్యాస్ డబ్బా, గేజి తెప్పించుకున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నిన్ను ఆపమని ఆవిడ కోరిక. నేను ఆపను. బానెట్ ఎత్తి చూసుకునే అలవాటు ఈ రోజుల్లో ఎంతమందికి ఉంది? చెయ్యి, తప్పకుండా చెయ్యి. కాకపోతే అన్నిటికంటే చివర చేయాల్సిన పనిని నువ్వు ముందు పెట్టుకున్నావు. ఆ డబ్బా అలాగే ఉండనీ. నేను చెప్పేవన్నీ చూశాక అప్పటికీ అది కావాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

కారు ఏసీ పనిచేయకపోతే మనవాళ్ల నోట వచ్చే మొదటి మాట "గ్యాస్ అయిపోయి ఉంటుంది, కొట్టించు". ఏటా మార్చి చివర కొట్టించడం, వచ్చే మార్చికి మళ్లీ కొట్టించడం చాలామందికి ఉగాది పచ్చడంత ఆనవాయితీ అయిపోయింది. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదురా. లోపల మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరిగి తిరిగి వస్తుంది. తగ్గిందంటే ఎక్కడి నుంచో కారిందన్నమాటే. ఇంట్లో ఫ్రిజ్‌కి ఏళ్ల తరబడి ఎవరూ గ్యాస్ కొట్టించరు. ఎందుకంటే అందులో మోటారు, కంప్రెసర్ రెండూ ఒకే ఇనుప డబ్బాలో పెట్టి వెల్డింగ్ చేసేస్తారు. కారులో అలా కుదరదు. ఇంజిన్ బెల్టుతో తిరగాలి కాబట్టి కంప్రెసర్ షాఫ్టు బయటికి రావాలి, దానికో సీలు ఉండాలి. ఇంజిన్ అదురుతుంది కాబట్టి కొన్నిచోట్ల గొట్టాలు రబ్బరువి పెట్టాలి. ఆ సీలులోంచి, రబ్బరులోంచి ఏళ్ల మీద కొంచెం కొంచెం పోవడం సహజమే. ఐదారేళ్లకు కాస్త తగ్గితే అర్థం ఉంది. ఏటా తగ్గితే మాత్రం చిల్లుంది, దాన్ని వదిలేసి పైనుంచి పోస్తున్నారని అర్థం.

అందుకని ముందు జబ్బేమిటో తెలుసుకో. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు కారు బయటికి తియ్యి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం ఇంజిన్ ఆన్‌లో పెట్టి గంటల తరబడి పనిచేయకు, ఆ పొగ ప్రాణాంతకం. లుంగీ, మెడలో తువ్వాలు వద్దు. బెల్టుకీ ఫ్యాన్‌కీ మర్యాదలు తెలియవు, చిక్కిందల్లా లాగేస్తాయి. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ నొక్కి, ఒక మనిషిని లోపల కూర్చోబెట్టి నువ్వు ముందు నిలబడు. కంప్రెసర్ దగ్గర "టక్" మని చప్పుడు రావాలి. అది క్లచ్ పట్టుకున్న చప్పుడు. దాంతోపాటు ఇంజిన్ ఒక్క క్షణం బరువెక్కినట్టు తగ్గి మళ్లీ సర్దుకుంటుంది. ముందున్న ఫ్యాన్ తిరగాలి. ఓ పది నిమిషాలయ్యాక డ్యాష్‌బోర్డు వైపు వెళ్లే రెండు అల్యూమినియం గొట్టాలు జాగ్రత్తగా తాకి చూడు. లావుపాటిది చల్లగా, చెమట పట్టి ఉండాలి. సన్నటిది వెచ్చగా ఉండాలి. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు వెళ్లే గొట్టం జోలికి మాత్రం పోకు, చెయ్యి బొబ్బలెక్కుతుంది.

ఏసీ ఎప్పుడు మొరాయిస్తుందో గమనించడంలోనే సగం వైద్యం ఉంది. హైవే మీద బాగా చల్లగా ఉండి, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగగానే వేడి గాలి కొడుతోందంటే గ్యాస్ కంటే ముందు కండెన్సర్‌నీ దాని ఫ్యాన్‌నీ అనుమానించాలి. మొదటి అరగంట బ్రహ్మాండంగా ఉండి, తర్వాత గాలే రాకుండా పోయి, కాసేపు ఏసీ ఆపి వట్టి బ్లోయర్ వేస్తే మళ్లీ వస్తోందంటే లోపల కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోంది. కాయిల్ మరీ చల్లబడకుండా చూసే సెన్సరు పాడై ఉండొచ్చు, కాయిల్ మట్టి పట్టి ఉండొచ్చు. గాలి జోరుగా వస్తోంది గానీ చల్లగా లేదంటే ఒక కథ, చల్లగానే ఉంది గానీ గాలి రావడం లేదంటే ఇంకో కథ. ఈ రెండూ కలిపేసి "కూలింగ్ లేదు" అని ఒక్క మాటలో చెప్పబట్టే షెడ్డువాడు కూడా ఒక్క మాటలో "గ్యాస్" అంటాడు.

ఇప్పుడు కండెన్సర్ సంగతి. నా అనుభవంలో పాత కార్ల ఏసీలకు పట్టే జబ్బుల్లో సగం ఇక్కడే ఉంటాయి, పైగా దీనికి ఖర్చేమీ లేదు. రేడియేటర్‌కు ముందు, గ్రిల్ వెనక జాలీలాగా ఉండేదే కండెన్సర్. కారు లోపలి వేడినంతా మోసుకొచ్చి గ్యాస్ ఇక్కడే బయట పారబోస్తుంది. చల్లబడి ద్రవంగా మారేదీ ఇక్కడే. ఆ పల్చటి రేకుల మధ్య గాలి పోవడానికి దారి లేకపోతే వేడి బయటికి పోదు. టార్చిలైటు వేసి దగ్గరగా చూడు. పురుగుల రెక్కలు, ఎండిన బురద, గడ్డి, ఆయిల్‌కి అంటుకున్న దుమ్ము కలిసి దుప్పటిలా పరుచుకుని ఉంటాయి. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులోనైతే ఏళ్ల నాటి చెత్త దొరుకుతుంది. పైనుంచి నీళ్లు కొట్టేవాళ్లెవరికీ అది కనబడదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి పక్కన పెట్టు. కొన్ని ఫ్యాన్లు తాళం తీసినా వాటంతట అవే తిరుగుతాయి. మామూలు కుళాయి పైపుతో, వేలు అడ్డం పెట్టకుండా, మెల్లగా నీళ్లు పట్టు. వీలైతే ఇంజిన్ వైపు నుంచి బయటికి పట్టు, చెత్త వచ్చిన దారినే పోతుంది. జిడ్డుంటే కాస్త షాంపూ నీళ్లు చల్లి పది నిమిషాలు నాననిచ్చి కడుగు. పాత టూత్‌బ్రష్‌తో రేకులు ఎటు ఉంటే అటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే వంగిపోతాయి. వాటర్ సర్వీసింగ్ వాడి ప్రెషర్ గన్ మాత్రం దాని మొహాన పెట్టనీయకు. ఒక్క నిమిషంలో రేకులన్నీ పడుకోబెట్టేస్తాడు, ఆ తర్వాత సూదితో ఒక్కొక్కటీ లేపుకోవడం నీ వంతు. కడిగేటప్పుడే గొట్టాల కీళ్ల దగ్గర చూడు. పొడి దుమ్ము ఉండాల్సిన చోట నల్లగా జిడ్డు దుమ్ము పేరుకుని ఉంటే గుర్తుపెట్టుకో. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది. గ్యాస్ కారే చోట ఆయిల్ కూడా ఊరి దుమ్మును పట్టేస్తుంది. ఏ గేజీ లేకుండా కంటికి కనబడే లీకు అది. ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

గాలే తక్కువ వస్తోందంటే ఎడమవైపు గ్లవ్ బాక్స్ తియ్యి. దాని వెనకే బ్లోయర్ ఉంటుంది. మీ కారు ఇన్నాళ్లూ వేపచెట్టు కింద ఉంది కదా, అద్దం కింద జాలీలోంచి ఆకులు లోపలికి దిగి బ్లోయర్ చక్రంలో ఇరుక్కుని ఉంటాయి. ఎలుక గూడు కట్టిన కార్లు కూడా నేను చూశాను. వైరు కొరికిందేమో కూడా చూడు. ఇప్పటి కార్లలో ఉన్నట్టు లోపలికొచ్చే గాలికి ఫిల్టర్ చాలా పాత చిన్న కార్లలో ఉండదు. దుమ్మంతా సరాసరి కూలింగ్ కాయిల్ తడి మీదే వాలి గట్టిపడుతుంది. ఏసీ వేయగానే తడిగుడ్డ కంపు కొడుతుందే, అది ఆ మట్టి మహిమే. బ్లోయర్ నాలుగో నంబరులో మాత్రమే తిరిగి ఒకటి, రెండు, మూడులో తిరగకపోతే మోటారు మార్చమంటారు, మార్చకు. దాని పక్కనే ఉండే రెసిస్టర్ పోయింది, చిన్న వస్తువు, నువ్వే మార్చుకోవచ్చు. ముందు సీటు వాళ్ల కాళ్ల మీద నీళ్లు కారుతుంటే భయపడకు. కాయిల్ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపు మూసుకుపోయింది, అంతే. కింద నుంచి మెత్తటి వైరుతో పొడిస్తే బుడబుడమని వచ్చేస్తాయి.

చల్లదనం లేకపోవడానికి ఇంకో దొంగ కారణం ఉంది. హీటర్ నాబ్ తిప్పినప్పుడు కేబుల్ గాలి దారిలోని ఒక చిన్న తలుపును లాగుతుంది. పాతబడ్డాక ఆ కేబుల్ క్లిప్పు జారితే తలుపు సగంలో ఆగుతుంది. ఏసీ చల్లబరిచిన గాలిని హీటర్ మళ్లీ వెచ్చబెడుతుంటుంది. నాబ్ ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పుతూ కింద లివర్ కదులుతోందో లేదో చూడమను మీ ఆవిడని.

"టక్" చప్పుడే రాకపోతే కథ కరెంటు వైపు మళ్లుతుంది. ఫ్యూజు చూడు. రిలే పెట్టెలో ఏసీ రిలే తీసి, అదే నంబరున్న ఇంకో రిలే దాని చోట పెట్టి చూడు. అప్పుడు టక్‌మంటే చేతి ఖర్చుతో పని అయిపోయింది. కంప్రెసర్ దాకా 12 వోల్టులు వస్తున్నా క్లచ్ పట్టుకోకపోతే క్లచ్ కాయిల్ మల్టీమీటర్‌తో చూడు, మామూలుగా మూడు నాలుగు ఓమ్‌లు చూపించాలి. పొద్దున పట్టుకుని, ఇంజిన్ వేడెక్కాక వదిలేస్తోందంటే క్లచ్ ప్లేటు అరిగి సందు పెరిగి ఉంటుంది. చాలా కంప్రెసర్లలో ఆ సందు అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండాలి. షిమ్ అనే పల్చటి రింగు తీసి సర్దే మేస్త్రులు ఆటోనగర్‌లో ఇంకా ఉన్నారు. కంప్రెసరే మార్చాలన్న వాడి దగ్గర్నుంచి వచ్చేసెయ్.

ఇక్కడొక మాట గట్టిగా చెబుతున్నాను. కరెంటు రాకపోవడానికి ప్రెషర్ స్విచ్ కారణం కావచ్చు. గ్యాస్ బాగా తగ్గితే కంప్రెసర్ తిరగకుండా ఆపడమే దాని పని. వీడియోల్లో ఆ స్విచ్ రెండు పిన్నులకూ వైరు ముక్క పెట్టి కంప్రెసర్ తిప్పి చూపిస్తుంటారు. నువ్వు చేయకు. ఆయిల్‌ను మోసుకొచ్చేది గ్యాసే కాబట్టి, గ్యాస్ లేకుండా తిప్పితే కంప్రెసర్ ఆయిల్ లేకుండా తిరిగినట్టే. అది పట్టేస్తే ఆ లోహపు రజను కండెన్సర్ దాకా పోతుంది. అప్పుడు ఒక స్విచ్ కోసం మొత్తం ఏసీ మార్చుకోవాలి.

సరే, ఇవన్నీ బాగున్నాయి, గ్యాసే తగ్గిందని తేలింది. నీ గేజి పెట్టి చూస్తానంటావు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు అది చూపించే అంకెను నమ్మకు. లోపల కొంచెమైనా ద్రవం మిగిలి ఉన్నంతసేపూ ప్రెషర్ ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది గానీ ఎంత గ్యాస్ ఉందన్నదాన్ని బట్టి ఉండదు. వంటింటి సిలిండర్ కూడా అంతేగా, చివరి రోజు దాకా మంట ఒకేలా వస్తుంది, ఎంత ఉందో ఎత్తి చూస్తే తప్ప తెలియదు. మన కార్లలో ఉండే ఆర్134ఏకి 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్ఐ, 40 డిగ్రీల దగ్గర 133 దాకా చూపిస్తుంది. లోపల వంద గ్రాములున్నా అంతే, ఐదు వందలున్నా అంతే. ఇంజిన్ నడుస్తుండగా కంప్రెసర్లోకి గ్యాస్ వచ్చే లో సైడ్ 30, 40 మధ్య, బయటికి పోయే హై సైడ్ మన ఎండల్లో 200 నుంచి 250 ప్రాంతంలో ఉండాలి. రెండూ కలిపి చదివితేనే ఏమైనా అర్థమవుతుంది. నీ గేజికి ఒకే గొట్టం ఉంది, అది లో సైడ్‌కి మాత్రమే. అందుకే ఆ రంగుల గేజి "పచ్చలో ఉంది" అన్నా నాకు నమ్మకం లేదు.

గ్యాస్ ఎక్కించాల్సింది తూకంతో. చిన్న కార్లకు మామూలుగా 400 నుంచి 600 గ్రాముల మధ్య పడుతుంది. నీ కారుకు సరిగ్గా ఎంతో బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. లోపల ఎంత మిగిలిందో తెలియకుండా డబ్బాతో పైనుంచి పోస్తే ఎక్కువవుతుంది. ఎక్కువైతే ఎక్కువ చల్లబడుతుందనుకోకు. కండెన్సర్‌లో ద్రవం నిండిపోయి వేడి వదిలే చోటు తగ్గుతుంది, హై సైడ్ పెరిగి చల్లదనం ఇంకా పడిపోతుంది, కంప్రెసర్ మూలుగుతుంది. లీకు మూసే మందు కలిపిన డబ్బా అయితే అసలే వద్దు. అది చిల్లుతో పాటు, కూలింగ్ కాయిల్లోకి గ్యాస్ వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నటి రంధ్రాన్నీ మూసేయగలదు. ఆ తర్వాత కారు తీసుకెళ్లిన షెడ్డువాడి మెషీన్ కూడా పాడవుతుంది, వాడు నిన్ను గుర్తుపెట్టుకుంటాడు.

చవగ్గా వచ్చిందని పేరూ ఊరూ లేని డబ్బా కొనకు. వంటగ్యాస్ లాంటివి కలిపి అమ్మేవాళ్లున్నారు. చల్లబరుస్తాయి, నిజమే, కానీ లీకైతే నిప్పంటుకునే సరుకు అది. నకిలీల్లో ఆర్40 అనే మిథైల్ క్లోరైడ్ కలిసినవి ఇంకా దారుణం. అది అల్యూమినియంతో కలిస్తే గాలి తగలగానే మండే పదార్థం పుడుతుంది. 2011లో ఓడలెక్కే రిఫ్రిజిరేటెడ్ కంటైనర్లలో అలాంటి గ్యాస్ చేరి పేలుళ్లు జరిగి పనివాళ్లు చనిపోయారు. అసలైన ఆర్134ఏ కూడా సాధువేమీ కాదు. మామూలు గాలిలో అది సున్నాకి 26 డిగ్రీల కింద మరుగుతుంది. కంట్లో పడితే కన్ను, చేతి మీద పడితే చర్మం గడ్డకట్టి పాడవుతాయి. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకు. మంట తగిలితే విషవాయువు అవుతుంది, కాబట్టి దగ్గర్లో సిగరెట్టు కూడా వద్దు. డబ్బాను మే నెల ఎండలో డిక్కీలో పెట్టి తిరగకు. ఇంజిన్ నడుస్తుండగా పొరపాటున హై సైడ్‌కి తగిలిస్తే ఆ ప్రెషర్ అంతా డబ్బాలోకే వచ్చి అది చేతిలోనే పగులుతుంది.

పాత గ్యాస్‌ను "ఎలాగూ పోయేదేగా" అని గాల్లోకి వదిలే వాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. తొలితరం మారుతి 800ల కాలంలో ఆర్12 వాడేవారు. అది ఓజోన్ పొరను తినేస్తోందని 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకుని దాన్ని మెల్లగా ఆపించాయి. దాని స్థానంలో వచ్చిన ఆర్134ఏ ఓజోన్‌ను ముట్టదు గానీ, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు సుమారు 1,430 రెట్లు. అర కిలోకు కాస్త తక్కువ, 450 గ్రాములు వదిలేశావనుకో, సుమారు 280 లీటర్ల పెట్రోలు కాల్చినంత. దీన్ని కూడా తగ్గించుకుందామని 2016లో కిగాలీలో రాసుకున్న సవరణను మన దేశం 2021లో ఆమోదించింది. మంచి షెడ్డులో పాత గ్యాస్‌ను మెషీన్‌తో లాగి సిలిండర్లో దాస్తారు. లాగే మెషీన్ ఉందా అని అడిగి మరీ వెళ్లు.

అంటే గొట్టం విప్పే పని వచ్చిందంటే ఆటోనగర్‌కే. అక్కడ నువ్వు చేయాల్సింది పక్కన నిలబడటం. నువ్వు తీసిన ఫొటోలు చూపించి, ఇక్కడ జిడ్డుంది, ముందు లీకు పట్టు అని చెప్పు. నైట్రోజన్ ఎక్కించి సబ్బునురగ పూసి చూస్తారు, బుడగ లేచిన చోటే చిల్లు. తరచుగా అది ఒక ఓరింగ్. పది రూపాయల వస్తువు కోసం ఏటా వేలు తగలేస్తుంటారు జనం. గొట్టం విప్పినప్పుడల్లా డ్రయ్యర్ మార్చమను. లోపలి తేమను పీల్చే గుళికలు అందులో ఉంటాయి, గాలి తగిలితే వాటి పని అయిపోతుంది. తేమ మిగిలితే గ్యాస్‌తో, ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి లోపల్నుంచి తింటుంది, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుగడ్డై దారి మూస్తుంది. తర్వాత వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాలి. ఐదు నిమిషాలకే "అయిపోయింది సార్" అంటారు, ఒప్పుకోకు. పంపు ఆపాక గేజి ముల్లు పది పదిహేను నిమిషాలు కదలకుండా ఉండాలి, పైకి లేస్తే ఇంకా లీకుందన్నమాట. ఆర్134ఏకి పాగ్ ఆయిల్ పోయాలి, పాత ఆర్12 నాటి మినరల్ ఆయిల్ కాదు. చివరికి గ్యాస్ కాటా మీద పెట్టి, స్టిక్కర్ మీద ఉన్నన్ని గ్రాములే ఎక్కించాలి. నాలుగు రూపాయలు ఎక్కువడిగినా ఇవన్నీ చేసేవాడికే ఇవ్వు. "కాటా దేనికి సార్, చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది" అనేవాడు ఎంత చవకైనా వద్దు.

బాగయ్యాక కూడా ఓ సంగతి గుర్తుంచుకో. రోహిణి కార్తె ఎండలో మూడు గంటలు నిలబెట్టిన కారును ఏ ఏసీ అయినా రెండు నిమిషాల్లో చల్లబరచలేదు. ముందు నాలుగద్దాలూ దించి ఒక అర కిలోమీటరు పోనిచ్చి ఆ కొలిమి గాలి బయటికి పంపు, తర్వాత అద్దాలెత్తి లోపలి గాలే తిరిగేలా బటన్ మార్చు. ఇరవై నిమిషాలయ్యాక వంటింటి థర్మామీటరో, చేపల తొట్టిదో గాలి వచ్చే చోట పెట్టి చూడు. నలభై దాటిన ఎండలో పన్నెండు, పదిహేను డిగ్రీలు చూపిస్తే నీ పాత కారు నిన్ను బాగానే చూసుకుంటోందనుకో. అంతకంటే ఆశపడి మళ్లీ డబ్బా పట్టుకోకు.

చలికాలం వచ్చిందని ఏసీని మూడు నెలలు మూసిపెట్టకు. వారానికి ఒకసారి పది నిమిషాలు నడిపితే ఆయిల్ తిరిగి ఆ షాఫ్టు సీలు ఎండిపోకుండా ఉంటుంది. వానాకాలంలో అద్దం లోపల ఆవిరి పట్టినప్పుడు గుడ్డతో తుడుస్తూ కూర్చోకుండా ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పు, ఆ తేమను లాగేస్తుంది. ఆదివారం కండెన్సర్ కడుగుతానంటే చెప్పు, నేనూ వస్తాను. మీ అమ్మను పెసరట్టు వేయమను.

— నీ మావయ్య